డాబా మీది రెండు స్పానిష్‌లు

ఏం చేస్తున్నరు, చిక్కుడుకాయకు ఈనెలు తీస్తున్నరా? తీయుండ్రి, తీయుండ్రి. నా కోసం చెయ్యి ఆపకుండ్రి. నేను మాట్లాడుత, మీరు వినుకుంట పని చేసుకోండ్రి. సారు బ్యాంకుకు పోయిండు గదా, ఇయ్యాల ఆడ లైను మస్తుంటది, మూడు దాటితే గాని రాడు. నాకెట్ల తెలుసని అడగకుండ్రి. మీ గేటు సప్పుడు మాకు వినపడదా ఏంది?

అసలు ముచ్చట వేరే ఉన్నది. పొద్దుగూకినంక ఎనుకింటి డాబా మీదికెళ్లి మాటలు వస్తున్నయి గదా, అదేం భాషనుకుంటున్నరు? మీ సారు మలయాళమని తేల్చిండట. పాలాయనేమో అరవమన్నడు. రెండూ కాదు. స్పానిష్. అది కూడ ఒకటి కాదు, రెండు. ఒకటి టీచరమ్మ వదినది, ఇంకోటి వాళ్ల పైపోర్షన్ల కిరాయికుండే పిలగాడిది. ఇద్దరూ ఒక్క భాషే మాట్లాడుతరట, ఒకరిది ఒకరికి సగమే సమజైతదట. నేనైతే సీరియళ్లు చూసుడే బందువెట్టిన.

మీరు ఈ గల్లీకి కొత్త గాబట్టి వదిన గురించి జర చెప్పాలె. ఇబ్రహీంపట్నంల సగం మందికి తెలుగు చెప్పిన మనిషి ఆమె. సర్కారు బడిల పనిచేసింది. పిల్లలు 'మా నాయిన వచ్చిండు' అని రాస్తే ఎర్ర సిరాతోని కొట్టేసి 'వచ్చాడు' అని రాయించేది. 'పోయిండు' అంటే 'వెళ్లాడు' అనాలె. 'ఏంది' అంటే తప్పు, 'ఏమిటి' అనాలె. మా పెద్దోడు ఒకనాడు ఇంటికొచ్చి 'అమ్మా, అన్నము వడ్డించెదవా' అన్నడు. పిలగానికి జెరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసిన.

ఆ వదిన రిటైరైనంక బిడ్డ దగ్గరికి అమెరికా పోయింది. టెక్సాస్‌ల, డల్లాస్ దిక్కు. మన తెలుగోళ్లు మస్తుమంది ఉండే ఊరే గాని, అందరు పొద్దుగాల కార్లెక్కి పోతరు, మాపటికి వస్తరు. నడుమ ఆ గల్లీల మనిషి అలికిడి ఉండదు. బిడ్డ ఆఫీసుకు, అల్లుడు ఆఫీసుకు, మనుమరాలు డేకేర్‌కు. వదిన ఒక్కతి. మాట్లాడకపోతే నోట్లె నాలుక ఎండిపోతదని వాట్సాప్‌ల నాకు మెసేజ్ పెట్టింది. నేనేమో నిద్రల ఉన్న, ఆడ పొద్దున మనకు రాత్రి గదా.

ఎనుక పెరట్ల ఒక చెక్క దడి ఉన్నది. దడి అవతల ఒక మెక్సికో ముసలమ్మ. ఆమె కూడ బిడ్డ ఇంట్లనే ఉంటది, మనుమలను చూసుకుంటది. వదినకు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు, ముసలమ్మకు అది కూడ రాదు. ఇగ ఏం మాట్లాడుకుంటరు అని మీరడుగుతరు. గోడకానుకోని ముచ్చట పెట్టేటోళ్లు మన గల్లీలనే ఉంటరనుకున్నరా? ఆడ గోడ లేదు, చెక్క దడి, అంతే ఫరక్.

మొదటి పాఠం ఏందో తెలుసా? నాగజెముడు. ఒకనాడు ముసలమ్మ దడి మీదికెళ్లి మందపాటి పచ్చటి మట్ట ఒకటి ఎత్తి చూపి 'నోపాల్' అన్నది. వదిన చూస్తే మన పొలం గట్ల మీద మేకలు రాకుండ ఉండాల్నని పెంచే నాగజెముడు జాతే! ఏం చేస్తవని చేత్తోని అడిగితే, తింటనని నోటికి చెయ్యి పెట్టి చూపింది. వదిన గుండె ఆగినంత పనైంది. ముసలమ్మ ఆడనే బల్ల ఏసుకోని కూసుంది. మట్టను మొదలు కాడ గుడ్డతోని పట్టుకోని, కత్తిని వాలుగ పెట్టి, ముళ్లన్ని గీకింది. అంచు సుట్టూ కోసి తీసేసింది. సన్నగ పొడుగ్గ తరిగి, ఉల్లిగడ్డ, ఉప్పు ఏసి ఉడకబెట్టింది. బెండకాయకు వచ్చేటసుంటి జిగురు అంతా నీళ్లలకు దిగినంక వార్చి, టమాట, పచ్చిమిరపకాయ, కొత్తిమీర కలిపి దడి మీదికెళ్లి గిన్నె అందించింది. పుల్లగ, కమ్మగ ఉన్నదట. వదిన గిన్నె ఖాళీగ ఇయ్యొద్దని అండ్ల పులిహోర పెట్టి వాపసిచ్చింది. ఇగ అక్కడికెళ్లి మొదలు.

ప్రతిదీ దడి మీద ఎత్తుడు, పేరు చెప్పుడు. పెనం, గరిటె, ఉల్లాకు, చీపురు, పిలగాని చెప్పు. వదిన కిరాణా లెక్కల బుక్కుల తెలుగు అక్షరాలతోనే రాసుకున్నది. తెలుగు అక్షరాలకు స్పానిష్ బాగనే కుదురుతదట. మన త, ద లే వాళ్లవి కూడ, ఇంగ్లీషోళ్ల ట, డ లు కావు. అ, ఎ, ఇ, ఒ, ఉ మనం ఎట్ల పలుకుతమో వాళ్లూ దాదాపు అట్లనే. 'రేపు' అనాల్నంటే 'మఞాన' అంటరు. చూసిన్రా, మనం ఒకటో తరగతిల నేర్చుకోని మల్ల ఎన్నడూ ముట్టని ఆ 'ఞ', దానికి ఇన్నేండ్లకు టెక్సాస్‌ల కొలువు దొరికింది.

మక్కలను సున్నపు నీళ్లల ఉడకబెట్టి, రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి రుబ్బి రొట్టెలు చేస్తరట. సున్నం! నాకు చెప్తే నేను నమ్మలేదు. అట్ల చేస్తేనే పిండి అతుక్కుంటదట, అండ్ల ఉన్న బలం కూడ ఒంటికి పడతదట. మెక్సికోల ఎన్నో వందల ఏండ్ల కిందికెళ్లి అదే పద్ధతి. ఇంకోటి, మన పుంటికూర జాతి చెట్టుకు పువ్వు కింద ఎర్ర దొప్పలుంటయి గదా, అవి ఎండబెట్టి షర్బత్ చేసుకుంటరు. చింతపండు మిఠాయికి కారం అద్దుకోని తింటరు. ఇవన్ని చెప్పుకుంట వదిన అన్నది, 'వాళ్లు మనోళ్లే వదినా, మధ్యల సముద్రం అడ్డమొచ్చింది' అని. మిరపకాయ కూడ ఆడికెళ్లి వచ్చిందే మనకు. పోర్చుగీసోళ్లు ఓడలల్ల తెచ్చిపెట్టిన్రు. అంతకుముందు మన తాతలు మిరియాలతోనే సరిపెట్టుకున్నరు.

పెద్ద వయసుల భాష రాదంటరు గదా. పలుకుబడి పిల్లలకు వచ్చినంత సాఫుగ రాదు, అది నిజమే. గాని పెద్దోళ్లకు వేరే సౌలతు ఉన్నది. ఇంకో భాష లోపట పక్కాగ ఉంటది. వదినకు ఏడ తేలికైందో చెప్త. ఇంగ్లీషు మీదికెళ్లి స్పానిష్‌కు పోయేటోళ్లు 'నాకు నచ్చుతది' అనే కాడ తలకిందులైతరట. ఇంగ్లీషుల నేను కర్తను, కాఫీ కర్మ. స్పానిష్‌ల కాఫీయే నాకు నచ్చుతది, నేను పక్కకు 'నాకు' అయి కూసుంట. మనకు పుట్టుకతోనే అట్ల గదా. నాకు ఆకలైతుంది, నాకు నిద్రొస్తుంది, నాకు ఆమె నచ్చలేదు. వదిన ఒక్క మాపటికే పట్టేసింది. 'నేను, నువ్వు' అని ప్రతి మాటకు ముందు తగిలించే పని కూడ లేదు. 'వచ్చిన' అంటే ఎవరొచ్చిన్రో క్రియనే చెప్తది, మనకూ అంతే, వాళ్లకూ అంతే.

అమెరికా విదేశాంగ శాఖోళ్లు వాళ్ల ఉద్యోగులకు స్పానిష్ చెప్పియ్యాల్నంటే 600 నుంచి 750 గంటల క్లాసులని లెక్క కట్టుకుంటరు. ఇంగ్లీషు తల్లిభాషగ ఉన్నోళ్లకు ఆ లెక్క. దడి కాడ నిలవడ్డోళ్లకు గంటలు ఎవరు లెక్క పెడతరు? పొయ్యి మీద పప్పు మాడిన వాసనొస్తే క్లాసు అయిపోయినట్టు.

కష్టమైంది ఏందంటే ప్రాణం లేని వస్తువులకు కూడ ఆడ, మగ ఉండుడు. బల్ల ఆడది, పుస్తకం మగది. ఎందుకట్లని అడిగితే ముసలమ్మ భుజాలెగరేస్తది. 'మన దాంట్ల బల్ల వచ్చింది, బర్రె వచ్చింది, బిడ్డ వచ్చింది, అన్నిటికి ఒక్కటే గదా, వీళ్లకేం రోగం' అని వదిన నెత్తి కొట్టుకున్నది.

మర్యాద మాత్రం ఆమెకు మస్తు నచ్చింది. మెక్సికోల ఎవరన్న పిలిస్తే 'ఏందీ?' అనరు, 'మాందే' అంటరు. సెలవియ్యుండ్రి అన్నట్టు. పెద్దోళ్లను 'ఉస్తెద్' అంటరు, అది మన 'మీరు'. ఇంకోటి 'అఓరిత'. ఇప్పుడే అని అర్థమట. ముసలమ్మ 'అఓరిత వస్త' అని లోపటికి పోతే ఒక్కోసారి చీకటి పడ్డంక వచ్చేది. దాన్ని నేర్చుకునుడు మనకు కష్టమా చెప్పుండ్రి? మన నల్లా బాగుచేసే పిలగాడు పొద్దుటికెళ్లి 'ఇగో వస్తున్న' అంటనే ఉన్నడు.

ఆర్నెల్ల వీసా అయిపోయేసరికి వదిన స్పానిష్‌ల ముచ్చట పెట్టేంత అయ్యింది. ఏ స్పానిష్? మెక్సికో ముసలమ్మల స్పానిష్, అండ్ల కూడ టెక్సాస్ రకం. మధ్యాహ్నం తినేదాన్ని 'లోంచే' అంటరు, ట్రక్కును 'త్రోకా' అంటరు, కారు పార్కు చేసుడుకు 'పార్కేఆర్' అంటరు. ఇంగ్లీషును నమిలి మింగిన స్పానిష్. టెక్సాస్‌ల అయితే ఇంగ్లీషు కంటే స్పానిషే ముందొచ్చిన భాష, అది తెలుసా మీకు? ముందు స్పెయిన్ కింద, 1821కెళ్లి మెక్సికో కింద ఉండేది. 1836ల వేరుపడ్డది. ఆ పేరును కూడ వాళ్లు 'తెహాస్' అంటరు. మనమేమో అమెరికా అంటే అంతా ఇంగ్లీషే అనుకుంటం.

ఇగ పైపోర్షన్ పిలగాని ముచ్చట. సూర్యాపేట దిక్కోడు. మన ఆదిబట్ల కాడ విమానాల సామాను చేసే ఫ్యాక్టరీలు ఉన్నయి గదా, అండ్ల పని. పొద్దుగాల ఆరింటికి బండి తీస్తడు, మీకు రోజూ నిద్ర చెడగొట్టే సప్పుడు ఆ బండిదే. సీ-295 అని ఒక ఫౌజు విమానం ఉన్నది. దాని ఊరు స్పెయిన్‌ల సెవియా. మన వాయుసేన కోసం 56 విమానాలకు 2021ల ఒప్పందమైంది. 16 సెవియాలనే తయారై ఎగురుకుంట వచ్చుడు, 40 ఇక్కడ టాటా వాళ్లు చేసుడు. మొదటిది 2023 సెప్టెంబర్‌ల సెవియాలనే మనోళ్లకు అప్పజెప్పిన్రు. వడోదర ఫ్యాక్టరీని 2024 అక్టోబర్‌ల మన ప్రధాని, స్పెయిన్ ప్రధాని ఇద్దరు కలిసి మొదలువెట్టిన్రు, టీవీల చూసే ఉంటరు. ఆ విమానం పెద్ద భాగాలు కొన్ని మన హైదరాబాదుల తయారై వడోదరకు పోతయి. ఇట్లాంటి పనులున్నప్పుడు పిలగాండ్లు సెవియాకు పోవుడు, ఆడి జనం ఈడికి వచ్చుడు ఉంటది గదా. మన పిలగాడు కూడ పోయొచ్చిండు.

పోకముందు బుద్ధిగ నేర్చుకున్నడు పాపం. ముందు ఫోన్ల యాప్, తర్వాత తార్నాక దిక్కు ఒక సారు దగ్గర ట్యూషన్. ఆడ ఇఫ్లూ ఉన్నది గదా, ఉస్మానియా పక్కన. 1958ల ఇంగ్లీషు కోసమని పెట్టిన సంస్థ అది, 1972ల విదేశీ భాషలు కలిపిన్రు, 2007ల సెంట్రల్ యూనివర్సిటీ చేసిన్రు. స్పానిష్‌ల బీఏ, ఎంఏ అన్నీ ఉన్నయి. ఆ సారు ఆడ చదివినోడే. మాడ్రిడ్ పద్ధతిల చక్కగ చెప్పిండు. ధన్యవాదాలు అనాల్నంటే నాలుక పండ్ల నడుమ పెట్టి 'గ్రాథియాస్' అనాలె. 'మీరంతా' అనేదానికి 'వొసోత్రోస్', దానికి వేరే క్రియలు. పిలగాడు బస్సుల కూసోని అవన్ని బట్టీ పట్టిండు.

సెవియాల దిగంగనే ఆ బట్టీ అంతా బంగాళాఖాతంల కలిసింది. ఆడ జనం మాట్లాడేది ఆండలూసియా యాస. మీరు ఇప్పుడు చిక్కుడుకాయకు ఈనె తీస్తున్నట్టే వాళ్లు మాట చివరి 'స్' ను గుంజి పారేస్తరు. 'గ్రాసియాస్' లేదు, 'గ్రాసియా'. నడుమ 'ద' వస్తే దాన్ని కూడ మింగుతరు, చేపను 'పెస్కాదో' అనాల్సింది 'పెస్కావో' అంటరు. ఇగ ఆ 'వొసోత్రోస్' కోసం అంత కష్టపడ్డడు గదా, సెవియా దిక్కు చానామంది 'ఉస్తేదెస్' తోనే నడిపిస్తరట. పిలగాడు వారం దినాలు నవ్వుకుంట తలూపుడే పని పెట్టుకున్నడు. గాని వయసుల ఉన్నడు, కలుపుగోలు మనిషి, పనికాడోళ్లతోని తిని తిరిగి వాళ్ల యాసే పట్టిండు. ఇప్పుడు ట్యూషన్ సారు వింటే ఏడుస్తడు.

ఇద్దరు కలిసింది డాబా మీద. వదిన మెక్సికో ముసలమ్మతోని వీడియో కాల్‌ల ఉన్నది, పిలగాడు అంగీలు ఆరేస్తున్నడు. స్పానిష్ మాట చెవిల పడంగనే బట్ట చేతిల పట్టుకోని అట్లనే నిలవడ్డడట. కాల్ అయిపోయినంక సంబురంగ వచ్చి, 'తూ', అంటే 'నువ్వు', ఇది ఏడ నేర్చుకున్నవని స్పానిష్‌లనే అడిగిండు. వదిన మొకం మాడిపోయింది. 'తూ' నా? హైదరాబాదుల రిటైరైన టీచరమ్మను పట్టుకోని 'తూ' అంటే ఎట్లుంటది? అది స్పానిష్ 'తూ' అమ్మా, ఆడ దుకాణపోణ్ని, పక్కింటి తాతను అందరినీ అదే అంటరని పిలగాడు మొత్తుకున్నడు. ఆమె వినలేదు. 'మా మెక్సికోల అట్ల అనరు' అన్నది. మా మెక్సికో! విన్నరా?

తర్వాత కూడ లొల్లే. పిలగాడు వాళ్లక్క పిల్లల గురించి చెప్తున్నడు. పిల్లలు అంటే 'లోస్ నీఞోస్'. వీడు సెవియా పద్ధతిల 'లో నీఞో' అన్నడు. వదిన ఒక్కడే పిలగాడనుకున్నది. ఫొటోల ముగ్గురున్నరు. మిగిలిన ఇద్దరు ఎవరని అడిగింది. మెక్సికో నడిమి ఎత్తు ప్రాంతాలల్ల 'స్' ను అసలు వదలరు, కావాల్నంటే అచ్చును మింగుతరు గాని. ఇటు పిలగానికేమో వదిన 'లోంచే' అంటే నవ్వు. అది స్పానిషే కాదంటడు. ఆమెకు కోపం. 'నువ్వు సగం అక్షరాలు తినేసి నాకు చెప్తున్నవా' అంటది.

చిత్రం ఏందంటే, ఆ రెండు యాసలూ చుట్టాలే. పిలగాడే చెప్పిండు నాకు, జామకాయలు ఇచ్చే వంకతోని పోయి అడిగి తెలుసుకున్న. కొలంబస్ 1492ల మన దేశం వెతుక్కుంట పోయి అటు తేలిండు గదా. 1503ల సెవియాలనే ఒక కచేరి పెట్టిన్రు. అమెరికాకు పోయే ఓడ, సరుకు, మనిషి అన్నీ దాని లెక్కల పడాల్సిందే. అప్పుడు పోయినోళ్లల్ల ఆండలూసియా జనం ఎక్కువ. ఓడలు తొవ్వల కనరీ దీవులల్ల ఆగేటియి. గందుకే అమెరికా ఖండంల ఎవరూ మాడ్రిడోళ్ల 'గ్రాథియాస్' అనరు, 'వొసోత్రోస్' అనరు. అయితే ఓడలు వచ్చిపోయే రేవుల దిక్కు, క్యూబా దిక్కు సెవియా గాలి తగులుకుంటనే ఉన్నది, ఆడి జనం కూడ 'స్' తినేస్తరు. లోపటి మెక్సికో నగరం రాజప్రతినిధి కూసున్న ఊరు, దాని ఠీవి దానిది. అంటే వదిన స్పానిష్ కూడ ఎన్నడో ఈ పిలగాని సెవియా నుంచి ఓడెక్కి పోయిందే. ఈ మాట వదినకు చెప్పకుండ్రి, ఇంకో నెల మాట్లాడది.

మరి అసలైంది ఏది అంటరా? మీ సారు కూడ అదే అడుగుతడు, నాకు తెలుసు, ఆయనకు ప్రతిదాంట్ల అసలు నకలు కావాలె. 1713ల మాడ్రిడ్‌ల ఒక అకాడమీ పెట్టిన్రు, భాషను కాపాడాల్నని. చానా ఏండ్లు వాళ్లు చెప్పిందే వేదం. ఇప్పుడు దేశానికొకటి చొప్పున మొత్తం 23 అకాడమీలున్నయి, అందరు కూసోని నిఘంటువు చేస్తరు. అమెరికా దేశాల మాటలకే వేరేగ ఇంత లావు నిఘంటువు 2010ల తెచ్చిన్రు. స్పానిష్ మాట్లాడేటోళ్లు అందరికంటే ఎక్కువ ఉన్నది మెక్సికోల, స్పెయిన్‌ల కాదు. బల్ల మీద గుద్దాల్నంటే ముసలమ్మే గుద్దాలె మరి.

మనకూ తెలుగు అకాడమీ ఉన్నది గదా, 1968ల పెట్టిన్రు, మొదటి అధ్యక్షుడు మన పీవీ నరసింహారావు సారు. ఆయనకు స్పానిష్ వచ్చేది, తెలుసా? వంగర ఊర్ల చిన్నప్పుడు స్పానిష్ ఎవరు చెప్తరు, పెద్దయినంకనే నేర్చుకున్నడు. విశ్వనాథ వారి 'వేయిపడగలు' ను హిందీల 'సహస్రఫణ్' చేసిన చెయ్యి అది. వదినకు ఇదే ధైర్యం. ఎవరన్న 'ఈ వయసుల ఎందుకు టీచరమ్మా' అంటే చాలు, పీవీ సారును ముందట నిలబెడతది.

తెలుగు గడ్డ మీద స్పానిష్ మస్తుగ వినపడే ఊరు ఇంకోటున్నది. అనంతపురం. వదిన పెద్దమ్మ బిడ్డ ఆడనే ఉంటది, ఆమె చెప్పింది. ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ పేరు వినే ఉంటరు. బార్సిలోనాల పుట్టిండు, 1952ల మన దేశమొచ్చిండు. మన్మాడ్ దిక్కు రైతులతోని బావులు తవ్వించిండు. అది పెద్దోళ్లకు పడక 1968ల దేశం విడిచి పొమ్మన్నరు. మల్ల 1969ల వచ్చి అనంతపురంల దిగిండు. కరువు సీమ. ఆర్‌డీటీ పెట్టి బావులు, చెరువులు, బడులు, దవాఖానలు, ఇండ్లు కట్టించుకుంట 2009ల ఆడనే కన్నుమూసిండు. స్పెయిన్‌ల ఇంటింటికీ ఆయన పేరు తెలుసట. ఆడి జనం ఈడ పిల్లల చదువుకు పైసలు పంపుకుంట వచ్చిన్రు. పిల్లలు తెలుగుల ఉత్తరం రాస్తరు, మేక ఈనింది, వాన పడలేదు, నాకు నూటికి ఎనభై వచ్చినయని. దాన్ని స్పానిష్ చేసేటోళ్లు కావాలె. వాళ్లు మన పల్లెటూరి పిలగాండ్లే. ఆర్‌డీటీ వాళ్లు విదేశీ భాషల బడి కూడ పెట్టిన్రు, డిగ్రీ అయిన ఊరి పిల్లలు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకోని కంపెనీలల్ల నౌకర్లు పడుతున్నరు. నాదల్ ఉన్నడు గదా, టెన్నిస్ ఆయన, 2010ల ఆడ టెన్నిస్ బడి పెట్టించిండు. ఆయనది మయోర్కా దీవి, ఇంట్ల మాట్లాడేది స్పానిష్ కూడ కాదు, కాటలాన్ భాషల ఆ దీవి యాస. ఫాదర్ పుట్టిన బార్సిలోనాల కూడ చానా ముచ్చట్లు కాటలాన్‌లనే నడుస్తయి. ఇగ అనంతపురం పిల్ల 'చెనిక్కాయ పంట ఎండింది' అని రాస్తే, అనువాదం చేసే అమ్మాయి ముందు ఆ చెనిక్కాయ అంటే వేరుశెనగ, మన పల్లీ అని ఎరుకలుండాలె, తర్వాత స్పెయిన్‌ల దాన్ని ఏమంటరో తట్టాలె. మెక్సికోల 'కకావాతె', స్పెయిన్‌ల 'కకావెతె', దక్షిణ అమెరికాల 'మనీ'. పల్లీలకే ఇంత కథ. బస్సును క్యూబాల 'గ్వాగ్వా' అంటరట, చిలీల గ్వాగ్వా అంటే చంటిపిల్ల. చిలీల బస్టాండుల నిలవడి గ్వాగ్వా ఎప్పుడొస్తదని అడిగితే ఆశీర్వాదాలు చేస్తరు.

'ఫలానా' కూడ వాళ్ల దగ్గరున్నది. 'ఫులానో' అంటరు. అరబ్బులు స్పెయిన్‌ను ఏలినప్పుడు ఆడికి పోయింది, మనకేమో ఉర్దూ మీదికెళ్లి వచ్చింది. ఫలానా ఇంట్ల ఫలానా పిల్ల అని లేకపోతే గోడలెందుకు, దడులెందుకు?

లొల్లి పడుకుంటనే ఇద్దరూ కలిసిపోయిన్రు మొత్తానికి. మాపటికి చాయ్ ఈమెది, బిస్కెట్లు వానియి. పిలగాడు ఆమెను 'ఉస్తెద్' అనుడు మొదలువెట్టిండు. ఆమె వానికి 'స్' లు ఎక్కిస్తున్నది. మొన్న వాడు చీటీ రాసి తలుపుకు పెట్టిపోతే, టీచరమ్మ ఎర్ర పెన్ను తీసింది గాని ఏం దిద్దకుండ మల్ల సంచిలనే ఏసుకున్నదట. అది నేను కండ్లార చూసిన, బట్టలు తీసుకునేతందుకు డాబా ఎక్కిన అప్పుడు. ఎందుకు దిద్దలేదని అడిగితే, 'వాళ్ల ఊర్ల అట్లనే అంటరట వదినా' అన్నది. మా పెద్దోనికి ఫోన్ చేసి చెప్పిన. వాడు నమ్మలే. ముప్పై ఏండ్ల కింది కంపోజిషన్ బుక్కు తెస్త, మార్కులు వాపసియ్యమను అన్నడు.

ఒక్క మాట కాడనే వదిన మనసు ఇంకా కుదుట పడలేదు. పిలగాడు రాత్రి నీళ్ల ట్యాంకు ఎనుకకు పోయి ఫోన్ల మాట్లాడుతడు. మాటమాటకు 'మియార్మా' అంటడు. అంటే 'నా ప్రాణమా' అనట. వదిన పట్టుకోని నిలదీస్తే, సెవియాల అందరినీ అట్లనే అంటరు, చాయ్ పోసేటోణ్ని, బస్సు డ్రైవర్‌ను, ముసలోణ్ని ముతకోణ్ని, అది ఉత్త మాట అన్నడు. పనికాడి దోస్తు అట. అయితే కావచ్చు. ఆ ఊరి అలవాటు అదేనని వదిన కూడ ఎక్కడనో చదివింది.

గాని లెక్క చూడుండ్రి. వాడు ట్యాంకు ఎనుకకు పోయేది రాత్రి పదిన్నర దాటినంక. స్పెయిన్‌ల మనకంటే ఎండాకాలంల మూడున్నర గంటలు, చలికాలంల నాలుగున్నర గంటలు ఎనుక. అంటే ఆడ సాయంత్రం ఆరో ఏడో. ఫ్యాక్టరీ మూసి అందరు ఇండ్లకు పోయే యాళ్ల. ఆ యాళ్ల విమానం రెక్కల గురించి ఏం మాట్లాడుతరు, అంత మెల్లగ? డ్రైవర్‌తోని మాట్లాడేటప్పుడు ఎవరన్న అంగీ మార్చుకోని, తల దువ్వుకోని వీడియో కాల్ చేస్తరా?

వాళ్లమ్మ దసరాకు సూర్యాపేట కెళ్లి వస్తుందట, రెండు మూడు సంబంధాల ఫొటోలు పట్టుకోని. కొత్తోళ్లు గదా అని మీ దగ్గరికే ముందొస్తది, పిలగాడు ఎట్లాంటోడని అడుగుతది. భాష మంచిగ నేర్చుకుంటున్నడని చెప్పుండ్రి. దానికంటే ఎక్కువ ఒక్క మాట చెప్పకుండ్రి, అడిగితే నా దగ్గరికి పంపుండ్రి. అగో, గేటు తీసిన సప్పుడైంది, సారు వచ్చినట్టుండు. ఆ చిక్కుడుకాయల్ల రెండు పిడికెళ్లు ఇటియ్యుండ్రి, మాపటి కూరకైతయి.